మాస్టారి చెక్క బీరువా

బీరువా తలుపు తెరవగానే ముందు వస కొమ్ము వాసన వచ్చింది. దాని వెనకే ఎండిన వేపాకు, ఆ తర్వాత పాత తోలు, అన్నిటికీ అడుగున మైలతుత్తం కలిపి కాచిన మైదా జిగురు. నా చిన్నప్పుడు ఏ వరసలో వచ్చేవో అదే వరసలో వచ్చాయి. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక నుంచి అక్క "ఏం తమ్ముడూ, చెదలు పట్టాయా?" అని కంగారుగా అడిగింది. లేదని తల ఊపాను. గొంతు పెగలలేదు.

మాస్టారు పోయి ఏడాది దాటింది. ఇల్లు అమ్మేస్తున్నారు. "నాన్నగారి పుస్తకాలు ఏం చేయాలో నీకే తెలుస్తుంది, ఒక్కసారి వచ్చి చూసి వెళ్లు" అని అక్క, అంటే మాస్టారి అమ్మాయి, ఫోను చేసింది. విశాఖపట్నంలో గుణుపురం బండి ఎక్కి పర్లాకిమిడిలో దిగాను. స్టేషను నుంచి నడుస్తూ ఉంటే దుకాణాల బోర్డులన్నీ ఒడియాలో ఉన్నాయి, లోపల బేరాలన్నీ తెలుగులో సాగుతున్నాయి. నేను పుట్టి పెరిగినప్పుడూ అంతే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు నుంచి విడిపోయి అటు వెళ్లింది. గిడుగు రామమూర్తి పంతులుగారు అంతకాలం పాఠాలు చెప్పిన ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మా తాతయ్య వెళ్లలేదు. మాస్టారి నాన్నగారూ వెళ్లలేదు. రెండు ఇళ్ల మధ్య ఒక బావి, ఒక వేపచెట్టు ఉండేవి. ఆ వేపచెట్టు ఆకులే ఈ బీరువాలో ఉన్నాయి.

*

మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. వాళ్ల నాన్నగారు కెనడా బాప్టిస్టు మిషనులో సువార్తికుడు, కొండల మీది సవర గూడేలకు కాలినడకన తిరిగిన మనిషి. వాళ్లింట్లో ఆదివారం పూట పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు వినిపించేవి. చౌదరిగారిది మా ప్రాంతమే. పర్లాకిమిడి వైపు స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, తెలుగువాళ్లు ఇప్పటికీ పాడుకునే పాటలు రాశారు. ఆయన పేరెత్తితే మా తాతయ్య కూడా "మన ఊరి కవి" అనే అనేవారు.

మాస్టారి బీరువాలో మాత్రం కీర్తనలు లేవు, ప్రార్థన పుస్తకాలు లేవు. అక్కడ ఉన్నవన్నీ వాదాలు. క్రైస్తవ విశ్వాసానికి బుద్ధి ఒప్పుకుంటుందా, ఒప్పుకుంటే ఏ హేతువుల మీద ఒప్పుకుంటుంది అని తర్కించిన తత్త్వగ్రంథాలు. అవి కూడా దొరికినంతలో మొట్టమొదటి ముద్రణలు, లేదంటే రచయిత బతికి ఉండగా వచ్చిన ముద్రణలు. కొత్త ముద్రణ తక్కువ ధరకు దొరుకుతుందిగదా, పాతది ఎందుకని చాలామంది అడిగేవారు. "ఆయన ఈ మాట రాసినప్పుడు లోకం దానికి ఇంకా జవాబు చెప్పలేదు. ఆ స్థితిలో ఉన్న మాటను చూడాలని నా కోరిక" అనేవారు మాస్టారు. ఆ వయసులో నాకు అర్థం కాలేదు. అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది.

*

సాయంత్రం నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు కూత వినబడగానే మాస్టారు లేచేవారు. బావి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తువ్వాలుతో ఒత్తుకుని, ఆ తర్వాత కూడా చేతులు గాలికి ఆరేదాకా అరుగు మీద కూర్చునేవారు. నాకూ అదే నియమం. ఆ చిన్న రైలు పర్లాకిమిడి రాజావారు వేయించింది. 1900లో మొదలై, 1931లో గుణుపురం దాకా పెరిగింది. మలుపుల దగ్గర పిల్లలు దిగి, పక్కనే పరుగెత్తి మళ్లీ ఎక్కేవారు. 2004లో ఆ పట్టాలు పీకేశారు. ఇప్పుడు పెద్ద రైలు వస్తోంది. దాని కూత వేరు.

బీరువా నాలుగు కాళ్లూ నాలుగు డబ్బాల్లో ఉండేవి. డబ్బాల్లో నీళ్లు, పైన తేలుతూ కిరసనాయిలు. ప్రతి శనివారం వాటిని నింపడం నా పని. తాళంచెవి గోడ గడియారం వెనక ఉండేది. ప్రతి పుస్తకానికీ ఉతికి ఆరబెట్టిన మల్లుగుడ్డ చుట్టి ఉండేది. పుస్తకాన్ని పై అంచు పట్టి లాగకూడదు. పక్కనున్న రెండింటినీ వేళ్లతో కొంచెం వెనక్కి నెట్టి, నడుం దగ్గర పట్టుకుని తీయాలి. నేటికీ ఎవరైనా పుస్తకాన్ని నెత్తి పట్టి లాగితే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

నేను మొదట తాకిన పాత పుస్తకం జోసెఫ్ బట్లర్ రాసిన 'అనాలజీ ఆఫ్ రిలిజియన్'. లండన్‌లో నాప్టన్ కుటుంబంవాళ్లు 1736లో అచ్చు వేశారు. మొదటి ముద్రణ పెద్ద సైజు. అదే ఏడాది సరిచేసిన రెండో ముద్రణ చిన్న సైజులో వచ్చింది. మాస్టారి దగ్గర ఉన్నది ఈ రెండోది. ఇంగ్లండులో ఒక చిన్న ఊరి పుస్తకాల వ్యాపారికి ఉత్తరాలు రాసి, రెండేళ్లు దాచిన డబ్బుతో బ్యాంకు డ్రాఫ్టు తీసి పంపితే, ఓడ టపాలో నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చింది. పోస్ట్‌మ్యాన్ ఆ పొట్లం తెచ్చిన రోజు మాస్టారు బడికి సెలవు పెట్టారు. ఆయన సెలవు పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"చదువు" అని నా ముందు పెట్టారు. 'రీజన్' అన్న మాటను నేను 'రీఫన్' అని చదివాను. ఆ కాలపు అచ్చులో మాట మధ్య వచ్చే 'ఎస్' అక్షరం పొడుగ్గా, దాదాపు 'ఎఫ్' లాగే ఉంటుంది. అడ్డగీత ఒక పక్కనే ఉంటుంది, అంతే తేడా. మాస్టారు సూది మొన పేజీకి తగలకుండా పైన పట్టుకుని ఆ సగం గీతను చూపించారు. తర్వాత ప్రతి పేజీ అడుగున కుడి మూల ఒంటరిగా ఉన్న ఒక మాటను చూపించారు. అది తర్వాతి పేజీలో మొదట వచ్చే మాట. కాగితాలు మడిచి కుట్టేవాడు వరస తప్పకుండా ఉండడానికి అచ్చువాళ్లు వేసే గుర్తు. ఆ రోజంతా నేను పుస్తకం అర్థం ఒక్క ముక్కా చదవలేదు, అడుగున ఉన్న మాట తర్వాతి పేజీ మొదట్లో ఉందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను. ఉంది. ప్రతిచోటా ఉంది.

తర్వాత ఒక పాత దినపత్రిక తీసి నా చేత మడతపెట్టించారు. ఒక మడత, రెండు ఆకులు. రెండో మడత, నాలుగు ఆకులు. మూడో మడత, ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. బట్లర్ పుస్తకం అలా మడిచిన కట్టలే. చీకటి పడ్డాక ఒక ఆకు వెనక టార్చిలైటు పెట్టి చూపించారు. కాగితం లోపల నిలువు గీతలు కనిపించాయి, వాటికి అడ్డంగా దగ్గరదగ్గరగా సన్నగీతలు. చేత్తో కాగితం చేసే కాలంలో గుజ్జును తీగల చట్రంతో తీసేవారట. ఆ తీగల జాడ కాగితంలో ఉండిపోతుంది. నార గుడ్డలు, చింకి పాతలు నానబెట్టి కుళ్లబెట్టి చేసిన కాగితం. రెండువందల ఏళ్లు దాటినా మజ్జిగ రంగు కూడా తిరగలేదు.

అదే బీరువా కింది అరలో సి. ఎస్. లూయిస్ పుస్తకాలు మూడు చిన్నవి ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడుతున్న రోజుల్లో ఆయన బీబీసీ రేడియోలో చేసిన ప్రసంగాలు 1942, 1943, 1944లలో విడివిడిగా పలచని పుస్తకాలుగా వచ్చాయి. వాటినే 1952లో కలిపి 'మియర్ క్రిస్టియానిటీ' అని వేశారు. అందరిళ్లలోనూ ఉండేది ఆ కలిపినది. మాస్టారి దగ్గర ఉన్నవి ఆ మూడు. యుద్ధకాలపు పొదుపు కాగితం, బెల్లం రంగుకు తిరిగి, అంచులు అప్పడంలా విరిగేది. వాటిని నేను ముట్టుకోకూడదు. మాస్టారే విప్పేవారు, అది కూడా పూర్తిగా విప్పేవారు కాదు.

*

మాస్టారు ఎక్కడికి వెళ్లినా కాగితాల కొట్టు వెతుక్కునేవారు. మద్రాసు వెళ్తే మూర్ మార్కెట్. 1985లో అది కాలిపోయిందని పేపర్లో చదివి ఆ పూట అన్నం ముట్టలేదు. కలకత్తా వెళ్తే కాలేజ్ స్ట్రీట్. బరంపురం వెళ్తే తూకానికి పాత పేపర్లు కొనేవాళ్ల గొడౌన్లు. వేసవి సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్లేవారు. ఖాకీ సంచి, ఒక బ్రష్షు, పాత దుప్పటి, రెండు పూటలకు పులిహోర.

ఒకసారి జయపురం సంతలో నాకు వేరుశనగలు కొనిపెట్టారు. పొట్లం విప్పి తింటుంటే ఆయన చూపు ఆ కాగితం మీద పడింది. పప్పులు నా జేబులో పోయించి కాగితం తీసుకుని చదివారు. ముఖం మారిపోయింది. కొండల్లో ఒక పాత బంగళా ఖాళీ చేస్తూ పుస్తకాలన్నీ తూకానికి అమ్మేశారట. ఆ సంతలో ఎన్ని దుకాణాలు ఉన్నాయో అన్నిటికీ తిరిగాం. చివరికి ఉల్లిపాయలమ్మే ఒకామె గోనెసంచి కింద మిగిలిన భాగం దొరికింది. అట్ట లేదు, ముందు పేజీలు లేవు. విలియం పేలీ రాసిన 'నేచురల్ థియాలజీ', పంతొమ్మిదో శతాబ్దపు మొదటి రోజుల ముద్రణ.

ఆ పుస్తకం మొదట వచ్చింది 1802లో. ఊసరక్షేత్రంలో నడుస్తూ ఉంటే కాలికి రాయి తగిలితే అది ఎప్పటినుంచో అక్కడే ఉందనుకోవచ్చు. గడియారం దొరికితే అలా అనుకోలేం, దాన్ని చేసినవాడు ఉండితీరాలి. సృష్టి కూడా అలాంటిదే. ఇదీ అందులోని వాదం. ఈ గడియారం మాట తెలియని ఇంగ్లీషు చదువరి ఉండడు. చార్లెస్ డార్విన్ కూడా కేంబ్రిడ్జిలో పేలీని చదివి ముగ్ధుడైనవాడే. మాకు దొరికిన ప్రతిలో సరిగ్గా ఆ గడియారం ఉన్న మొదటి అధ్యాయమే లేదు. అది ఆ వారం సంతలో పొట్లాలుగా వెళ్లిపోయింది.

మాస్టారు రెండు నెలలు ప్రయత్నించి, ఎవరి దగ్గరో ఉన్న మరో ప్రతిని అరువు తెచ్చి, ఆ అధ్యాయాన్ని మంచి కాగితం మీద చేత్తో రాశారు. అచ్చులో ఒక వరసలో ఎన్ని మాటలున్నాయో రాతలోనూ అన్నే. పేజీ అడుగున తర్వాతి పేజీ మొదటి మాట కూడా వేశారు. తర్వాత మా వీధి చివర బైండరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆ బైండరు మనిషి ముసలివాడు, కుడి చూపుడువేలు దారం కోతలతో గట్టిపడి కొమ్ములా ఉండేది. మైదా నీళ్లలో జారుగా కలిపి, సన్న సెగ మీద కలియబెడుతూ, చిక్కబడే ముందు చిటికెడు మైలతుత్తం వేసేవాడు. జిగురు లేత నీలం రంగు తిరిగేది. ఆ నీలం ఉంటే పురుగు రాదు. దారానికి మైనం రాసి, పాత కట్టల రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి కుట్టాడు. "కొత్త రంధ్రం పొడిస్తే కాగితం చిరుగుతుంది బాబూ, పాత దారిలోనే పోవాలి" అన్నాడు నాతో. మాస్టారి చేతిరాత ఆకులు ముందు, రెండు శతాబ్దాల నాటి అచ్చు వెనక, ఒకే దారంతో.

1802 నాటి మొదటి ముద్రణ కోసం మాస్టారు జీవితాంతం వెతికారు. దొరకలేదు. దొరికినా ఈ ప్రతిని తీసేసేవారు కాదని నా నమ్మకం.

*

మా తాతయ్య తర్కం చదువుకున్న పండితుడు. ఆయన గదిలో తాళపత్రాలు, నిమ్మగడ్డి నూనె వాసన. మాస్టారి గదిలో తోలు అట్టలు, వస కొమ్ము వాసన. ఇద్దరూ ఒకరి మతాన్ని ఒకరు మార్చాలని చూడలేదు. ఒకరి వాదాన్ని ఒకరు వదిలిపెట్టనూ లేదు.

ఒక వేసవి రాత్రి మాస్టారు కలకత్తా నుంచి తెచ్చిన ఒక పుస్తకం పట్టుకుని అరుగు మీదికి వచ్చారు. సగం చెదలు తిన్న ప్రతి. జాన్ మ్యూర్ అనే స్కాట్లండు దేశస్థుడు, కంపెనీ ఉద్యోగి, 1839లో క్రైస్తవాన్ని సమర్థిస్తూ సంస్కృత శ్లోకాల్లో రాసిన 'మతపరీక్ష'. గురువు, శిష్యుడు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. మాస్టారికి నాగరి లిపి అంతగా రాదు. "పంతులుగారూ, మీరు చదివితే నేను వింటాను" అన్నారు.

తాతయ్య లాంతరు ఒత్తి పెంచి చదవడం మొదలుపెట్టారు. వేదం చదివే గొంతుతోనే చదివారు. చెదలు తిన్నచోట ఆగి, ఛందస్సు లెక్కవేసి, ఇక్కడ రెండు గురువులు పోయాయి అనేవారు. చుట్టుపక్కల అరుగుల మీదివాళ్లు తాతయ్య పురాణం చెబుతున్నారనుకుని వచ్చి కూర్చున్నారు. చాలాసేపటికి అది ఏ పుస్తకమో తెలిసింది. ఎవరూ లేచి వెళ్లలేదు. అయిపోయాక తాతయ్య పుస్తకం మూసి, "దీనికి జవాబు వచ్చిందా?" అని అడిగారు.

వచ్చింది. ముగ్గురు పండితులు సంస్కృతంలోనే జవాబులు రాశారు. వాళ్లలో ఒకరు కాశీలో ఉండే నీలకంఠ గోరే. ఆయన 1844 ప్రాంతంలో మ్యూర్‌ను ఖండిస్తూ రాసి, ఆ వాదన చేస్తూనే లోపల మథనపడి, 1848లో తానే బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత షడ్దర్శనాలను విమర్శిస్తూ హిందీలో గ్రంథం రాస్తే, ఫిట్జ్ ఎడ్వర్డ్ హాల్ దాన్ని ఇంగ్లీషు చేసి 1862లో కలకత్తాలో అచ్చు వేయించారు. ఆ 1862 నాటి ప్రతి మాస్టారి దగ్గర ఉంది. అంతకు ముందు ఏడాది వచ్చిన కృష్ణమోహన్ బెనర్జీ 'డైలాగ్స్' కూడా దాని పక్కనే ఉండేది. బట్లర్ కంటే, పేలీ కంటే నాకు ఈ రెండు పుస్తకాలే విలువైనవి. మన దర్శనాలను పుట్టుకతో తెలిసినవాళ్లు, మన పరిభాషలోనే చేసిన వాదం అది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం తర్వాతి సంగతి.

తాతయ్య అంతా విని కొంచెంసేపు ఊరుకున్నారు. "అయితే మాస్టారూ, నీలకంఠుడు మారకముందు రాసినదీ తెప్పించండి. పూర్వపక్షం లేకుండా సిద్ధాంతం ఒక్కటే అరలో పెట్టుకుంటే మీకు మర్యాద కాదు" అన్నారు.

ఆ మాట మాస్టారికి తగిలింది. మరుసటి వారమే బీరువా మళ్లీ సర్దారు. పేలీ పక్కన డేవిడ్ హ్యూమ్ వచ్చి చేరాడు. హ్యూమ్ 1776లో పోతే, సృష్టిని యంత్రంతో పోల్చే వాదాన్ని గుచ్చిగుచ్చి పరీక్షించిన ఆయన సంభాషణలు 1779లో అచ్చయ్యాయి. పేలీ గడియారం వచ్చింది ఆ తర్వాత ఇరవైమూడేళ్లకు. జవాబు ముందు పుట్టి, ప్రశ్న తర్వాత పుట్టిన విచిత్రం అది. అద్భుతాలను నమ్మరాదని 1748లో హ్యూమ్ రాసిన వ్యాసం, దానికి జార్జ్ క్యాంబెల్ 1762లో రాసిన ప్రత్యుత్తరం కూడా పాత ప్రతుల్లోనే సంపాదించి ఒకచోట పెట్టారు. సంఘ పెద్దలలో ఒకరు వచ్చి, నాస్తికుల పుస్తకాలు దైవగ్రంథాల సరసన ఏమిటని నిలదీశారు. "ఎవరికి జవాబు చెబుతున్నారో తెలియకపోతే జవాబు ఎలా తెలుస్తుందండీ" అన్నారు మాస్టారు. ఆ పెద్దమనిషి మళ్లీ రాలేదు.

గోరే మొదటి గ్రంథం దొరికేలోపు తాతయ్య పోయారు.

*

ఆ ఇద్దరి మధ్య జరిగిన మాటల్లో నేను మరవలేనిది మరొకటి ఉంది. లూయిస్ 1947లో 'మిరకిల్స్' అని ఒక పుస్తకం రాశారు. అందులో మూడో అధ్యాయం ఆయనకు ప్రాణం. మన ఆలోచనలన్నీ బుద్ధిలేని కారణాల వల్ల మెదడులో పుట్టేవే అయితే, ఏ ఆలోచన నిజమని నమ్మగలం, ప్రకృతి తప్ప ఇంకేమీ లేదనే ఆలోచన మాత్రం నిజమని ఎలా నమ్మగలం అన్నది అక్కడి వాదం. 1948లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక సభలో ఎలిజబెత్ ఆన్‌స్కోం అనే యువతి లేచి ఆ అధ్యాయాన్ని విప్పి చూపింది. ఆమె నాస్తికురాలు కాదు, క్యాథలిక్కు. విశ్వాసం మీద ఆమెకు పేచీ లేదు, వాదంలో లోపం ఉందన్నది ఆమె అభ్యంతరం. లూయిస్ ఆ అధ్యాయాన్ని తిరగరాశారు. 1960లో వచ్చిన కాగితపు అట్టల ముద్రణలో మూడో అధ్యాయం పేరే మారిపోయింది.

మాస్టారి దగ్గర రెండూ ఉన్నాయి. 1947 నాటి గట్టి అట్ట, 1960 నాటి జేబు పుస్తకం. ఒక రాత్రి రెండింటినీ ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ తాతయ్యకు చెప్పారు. ఆన్‌స్కోం అభ్యంతరం దగ్గరికి వచ్చేసరికి మాస్టారు తడబడ్డారు. ఇంగ్లీషులో 'బికాజ్' అన్న ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయని, లూయిస్ వాటిని కలిపేశారని ఎలా చెప్పాలో తోచలేదు.

తాతయ్య నవ్వారు. వంటింటి వైపు చూపించారు. నానమ్మ పొయ్యి రాజేస్తోంది. పొగ పెంకుల సందుల్లోంచి పైకి పోతోంది.

"నిప్పు పొగకు కారణం. పొగ నిప్పుకు కారణం కాదు. అయినా పొగ చూసి నిప్పు ఉందంటున్నాం. అక్కడ పొగ హేతువు. కారణం వేరు, హేతువు వేరు. 'పర్వతో వహ్నిమాన్ ధూమాత్' అని పిల్లవాడు మొదటి పాఠంలో చదువుకుంటాడు. మీ లూయిస్‌గారు తొలిసారి ఈ రెండింటినీ ఒకటి చేశారు. ఆ అమ్మాయి విడదీసింది. అంతేనా?"

మాస్టారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని కూర్చుండిపోయారు. "అంతే పంతులుగారూ" అన్నారు చివరికి. "1960లో ఆయన సరిగ్గా అదే విడదీసి మళ్లీ కట్టారు." "కట్టింది నిలిచిందా?" "నిలిచిందనే నా నమ్మకం. మీరు విని చెప్పండి." ఇద్దరూ ఆ రాత్రి కోడి కూసేదాకా కూర్చున్నారు. నేను అరుగు మీదే నిద్రపోయాను. మధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా హేతువు, వ్యాప్తి, ఉపాధి అన్న మాటలు, మధ్యమధ్య ఇంగ్లీషు వాక్యాలు వినబడ్డాయి.

తెల్లవారాక మాస్టారు ఆ రెండు పుస్తకాలనూ ఒకే గుడ్డలో చుట్టారు. అప్పటినుంచి అవి అలాగే ఉన్నాయి. తన వాదం దెబ్బతిన్నదని ఒప్పుకుని, దాన్ని దాచకుండా తిరిగి రాసినవాణ్ని చూడాలంటే రెండు ముద్రణలూ పక్కపక్కన ఉండాలి. కొత్తది ఒక్కటే ఉంటే ఆయన పడ్డ కష్టం తెలియదు. పాతది ఒక్కటే ఉంటే ఆయన నిజాయితీ తెలియదు. ఆ అధ్యాయం తిరగరాయడంలో ఆయన నిజాయితీ, గాంభీర్యం కనిపిస్తున్నాయని ఆన్‌స్కోం కూడా తర్వాతి రోజుల్లో రాసింది.

అయితే మొదటి ముద్రణే ఎప్పుడూ రచయితకు దగ్గర అనుకోకూడదు. ఫ్రెంచి తత్త్వవేత్త పాస్కల్ చనిపోయాక ఆయన కాగితం ముక్కలను స్నేహితులు 1670లో పుస్తకంగా వేసినప్పుడు చాలా మాటలు మెత్తబరిచారు. ఆయన అసలు మాటల కోసం పందొమ్మిదో శతాబ్దంలో మళ్లీ చేతిరాతల దగ్గరికే పోవలసివచ్చింది. మాస్టారు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పేవారు, పాత అచ్చు మీద గుడ్డి మోజు మాకు అంటకూడదని.

*

బీరువా పక్కన ఒక మామిడి చెక్క పెట్టె ఉంది. దాన్ని తెరిచినప్పుడల్లా మాస్టారు చెప్పే కథ ఒకటే. హాలండులో హ్యూగో గ్రోషియస్ అనే న్యాయశాస్త్ర పండితుణ్ని యావజ్జీవం కోటలో బంధించారు. చదువుకోవడానికి పెట్టెతో పుస్తకాలు వచ్చేవి, చదివినవి అదే పెట్టెలో తిరిగి వెళ్లేవి. మొదట్లో కాపలావాళ్లు పెట్టె తెరిచి చూసేవారు, రానురాను మానేశారు. 1621లో ఆయన భార్య మారియా పుస్తకాల బదులు భర్తనే ఆ పెట్టెలో పెట్టి పంపించేసింది. క్రైస్తవాన్ని సమర్థిస్తూ ఆయన ఆ చెరలోనే డచ్చి పద్యాలు రాశాడు. దూరదేశాలకు ఓడల్లో పోయే నావికులు తీరికవేళ చదువుకోవాలని. తర్వాత దాన్నే లాటిన్ వచనం చేస్తే 1627లో లైడెన్‌లో అచ్చయి ఎన్నో భాషల్లోకి వెళ్లింది. కథ అయ్యాక అక్క, నేను వంతులవారీగా పెట్టెలో ముడుచుకుని పడుకునేవాళ్లం. మాస్టారు మూత దించి, పైన రెండుసార్లు తట్టి, తెరిచేవారు.

ఈసారి ఆ పెట్టె తెరిచినప్పుడు అక్క దాని అంచు మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరుకుంది.

*

మాస్టారి పుస్తకాల పట్టిక ఒక పొడుగు లెక్కల నోటుబుక్కులో ఉంది. ఎడమవైపు పుస్తకం, కుడివైపు దానికి ఎదురు నిలిచిన పుస్తకం. ఎదురు దొరకనిచోట ఖాళీ గడి. గోరే 1862 నాటి గ్రంథానికి ఎదురుగా పెన్సిలుతో "పంతులుగారు అడిగినది" అని రాసి ఉంది. ఆ గడి ఖాళీగానే మిగిలింది.

ఆ పట్టిక నకలు తీసి ఒక గ్రంథాలయానికి పంపాం. తీసుకుంటామన్నారు. నాలుగు రోజులకు పట్టిక తిరిగి వచ్చింది. కొన్ని పేర్ల మీద ఎర్ర సిరా గీతలున్నాయి. ఒకే పుస్తకం రెండు ప్రతులు అక్కర్లేదట, 1947 నాటిది పాతబడింది కాబట్టి 1960 నాటిది చాలునట. మొదటి అధ్యాయం చేతిరాతలో ఉన్నది అసంపూర్ణ ప్రతి కాబట్టి వద్దట. హ్యూమ్ ఈ విభాగం కిందికి రాడట. వాళ్ల పద్ధతి వాళ్లది. అక్క ఆ కాగితం చదివి నా చేతికి ఇచ్చింది. "నాన్నగారు ఉంటే ఏమనేవారు?" అని అడిగింది. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

వాళ్లకు ఏదీ పంపలేదు. బట్లర్‌ను అక్క దగ్గరే ఉంచాను. ఆమె మనవరాలు ఇంటర్ చదువుతోంది. పొడుగు 'ఎస్' దగ్గర 'రీఫన్' అనే చదివింది. పేలీ, హ్యూమ్, క్యాంబెల్, గోరే, చెదలు తిన్న మతపరీక్ష, బెల్లం రంగు రేడియో ప్రసంగాలు, ఒకే గుడ్డలో చుట్టిన ఆ రెండూ మామిడి పెట్టెలో సర్దాను. అడుగున కొత్త వస కొమ్ములు, పైన ఆ చెట్టు వేపాకే. స్టేషనులో కూలీ పెట్టె ఎత్తుతూ లోపల ఏముందని అడిగాడు. పుస్తకాలన్నాను. "ఇంత బరువా" అని తలగుడ్డ సరిచేసుకున్నాడు.

కాశీలో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాను, గోరే మొదటి గ్రంథం కోసం. జవాబు ఇంకా రాలేదు.